కారు సాధారణ లోపాలు – ఇంటివద్ద గుర్తింపు, మరమ్మతు

కారులో తరచుగా తలెత్తే చిన్న లోపాలను ఇంటిలో ఉండే కొద్దిపాటి పనిముట్లతో కనుగొని, వీలైనంతవరకు అక్కడే సరిచేయడాన్ని గృహస్థాయి మరమ్మతు అంటారు. స్టార్టు కాకపోవడం, ఇంజన్ వేడెక్కడం, టైరు పంక్చరు కావడం, ఫ్యూజు కాలిపోవడం, ఆయిలు లేదా కూలెంట్ కారడం వంటివి ఈ కోవలోకి వస్తాయి. వీటిలో చాలావాటికి మూలం వదులైన తీగ, మురికి పట్టిన ఫిల్టరు, తగ్గిన నీరు వంటి చిన్న కారణమే. అయితే బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, ఇంధన గొట్టాలు వంటి భాగాలలో లోపాన్ని గుర్తించడం వరకే యజమాని పని. మరమ్మతు నిపుణునికి అప్పగించాలి. ఏది ఇంటివద్ద చేయవచ్చునో, ఎక్కడ ఆగిపోవాలో తెలుసుకోవడమే ఈ పనిలో ముఖ్యమైన అంశం.

ఆంధ్ర ప్రదేశ్ ఉత్తర కోస్తాలోని విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాలలో సముద్రపు ఉప్పుగాలి, తుఫాను వరదలు, ఘాట్ రోడ్లు కార్లపై ప్రత్యేకమైన ప్రభావం చూపుతాయి. ఆ కారణంగా ఇక్కడ కొన్ని లోపాలు ఎక్కువగా కనిపిస్తాయి.

## నేపథ్యం

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల కాలంలో ఇంజన్‌కు పెట్రోలు అందించే పని కార్బురేటరు చేసేది. ప్లగ్గు విప్పి తుడవడం, పాయింట్లు సరిచేయడం, కార్బురేటరు శుభ్రపరచడం వంటి పనులు చాలామంది డ్రైవర్లకు వచ్చి ఉండేవి. 1983 డిసెంబరులో మారుతి 800 విడుదలైన తరువాత మధ్యతరగతి కుటుంబాలకు కారు చేరువైంది. 2000 సంవత్సరం నుండి దేశవ్యాప్తంగా ఉద్గార ప్రమాణాలు కఠినమవుతూ రావడంతో కార్బురేటరు స్థానంలో కంప్యూటరు ఆధీనంలో పనిచేసే ఇంధన ఇంజెక్షన్ వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి.

ఈ మార్పు వలన యజమాని స్వయంగా సరిచేయగల పనులు కొన్ని తగ్గాయి. కానీ లోపాన్ని గుర్తించడం మునుపటికంటే సులభమైంది. ఇంజన్ కంప్యూటరు తాను గమనించిన లోపాన్ని ఒక సంకేత సంఖ్యగా దాచుకుంటుంది. దానిని చదివే చిన్న పరికరం ఎవరైనా కొనుక్కోవచ్చును. ఇక బ్యాటరీ, టైర్లు, కూలెంట్, ఫ్యూజులు పాత కార్లలోను కొత్త కార్లలోను దాదాపు ఒకే తీరున పనిచేస్తాయి.

## లోపాన్ని కనుగొనే పద్ధతి

అనుభవజ్ఞుడైన మెకానిక్ ముందుగా పానా పట్టుకోడు, ప్రశ్నలు అడుగుతాడు. ఇంటివద్ద కూడా అదే క్రమాన్ని పాటించాలి.

- లోపం ఎప్పుడు వస్తున్నది? ఉదయం మొదటిసారి స్టార్టు చేసినపుడా, ఇంజన్ వేడెక్కిన తరువాతనా, బ్రేకు నొక్కినపుడా, మలుపులోనా?
- దానికి ముందు ఏమి జరిగింది? పెట్రోలు పోయించారా, సర్వీసు చేయించారా, నీళ్ళలో నడిపారా, కొత్త మ్యూజిక్ సిస్టమ్ బిగించారా?
- కంటికి, చెవికి, ముక్కుకు ఏమి తెలుస్తున్నది?

తరువాత సులభమైన, ఖర్చు లేని కారణం నుండి మొదలుపెట్టి కష్టమైన కారణం వైపు వెళ్ళాలి. ఒకేసారి రెండు మూడు భాగాలు మార్చితే అసలు లోపం ఏదో తెలియదు. ఒక మార్పు చేసి, ఫలితం చూసి, ఆ తరువాతనే రెండవదానికి పోవాలి. విప్పే ముందు సెల్ ఫోన్‌తో ఫోటో తీసుకుంటే తిరిగి బిగించేటపుడు తికమక ఉండదు.

## కావలసిన పనిముట్లు

- కారుతో వచ్చిన జాకీ, వీలు పానా, స్టెప్నీ
- రింగు పానాల సెట్టు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు
- మల్టీమీటరు
- జంపర్ కేబుళ్ళు
- టైరు గాలి కొలిచే గేజి, చిన్న ఎలక్ట్రిక్ పంపు
- అదనపు ఫ్యూజులు, టార్చిలైటు, రబ్బరు చేతితొడుగులు, కళ్ళజోడు
- డిస్టిల్డ్ వాటర్, కారు కంపెనీ సూచించిన కూలెంట్

వీటికంటె విలువైనది కారుతో ఇచ్చిన యజమాని పుస్తకం. ఏ ఆయిలు పోయాలి, ఏ ఫ్యూజు ఎక్కడ ఉన్నది, జాకీ ఎక్కడ ఆనించాలి అన్న వివరాలు ప్రతి కారుకు వేరుగా ఉంటాయి. అవి ఆ పుస్తకంలోనే దొరుకుతాయి.

## కారు స్టార్టు కాకపోవడం

తాళం తిప్పినపుడు వచ్చే శబ్దాన్ని బట్టి లోపాన్ని మూడు రకాలుగా విడదీయవచ్చును.

- ఏ శబ్దమూ లేక, మీటరులో దీపాలు కూడా వెలగకపోతే బ్యాటరీ పూర్తిగా డౌన్ అయి ఉండాలి, లేదా టెర్మినల్ ఊడి ఉండాలి.
- టకటకమని వరుసగా శబ్దం వచ్చి దీపాలు మసకబారితే బ్యాటరీలో బలం చాలడం లేదని అర్థం. దీపాలు బాగా వెలుగుతూ ఒక్కసారి మాత్రమే టక్ అంటే స్టార్టరు మోటారును అనుమానించాలి. దీనినే వాడుకలో సెల్ఫ్ పోయింది అంటారు.
- సెల్ఫ్ బాగా తిరిగి ఇంజన్ అందుకోకపోతే లోపం ఇంధనంలో గాని, స్పార్కులో గాని, సెన్సారులో గాని ఉంటుంది.

వీటికి ముందు చూడవలసిన చిన్న విషయాలు కొన్ని కలవు. ఆటోమేటిక్ కారులో గేరు పార్కులో గాని న్యూట్రల్‌లో గాని ఉండాలి. చాలా కొత్త కార్లలో క్లచ్ పూర్తిగా నొక్కితేనే సెల్ఫ్ తిరుగుతుంది. మీటరులో తాళం గుర్తు మిణుకుతూ ఉంటే ఇమొబిలైజరు తాళాన్ని గుర్తించలేదని అర్థం. రెండవ తాళంతో ప్రయత్నించాలి, రిమోట్‌లోని సెల్లు మార్చాలి.

### బ్యాటరీ పరీక్ష

కారు బ్యాటరీలో ఆరు సెల్లులు ఉంటాయి. కారు కొన్ని గంటలు కదలకుండా ఉన్న తరువాత మల్టీమీటరుతో కొలిస్తే, నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 అంటే సగం ఛార్జి. 12 కంటె తగ్గితే దాదాపు ఖాళీ అయినట్లే. ఇంజన్ నడుస్తుండగా 13.5 నుండి 14.7 వోల్టుల మధ్య రావాలి. అలా రాకపోతే డైనమో అని వాడుకలో పిలిచే ఆల్టర్నేటరుగాని, దాని బెల్టుగాని పనిచేయడం లేదేమో చూపించాలి. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరు ఛార్జింగును కావాలనే తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కనుక హెడ్‌లైట్లు వేసి మరొకసారి కొలవడం మంచిది.

టెర్మినళ్ళపై తెల్లగా, ఆకుపచ్చగా పొడి పేరుకుంటే విద్యుత్తు సరిగా పారదు. కొత్త బ్యాటరీ కొనే ముందు ఈ పొడిని తొలగించి చూడాలి. మొదట నల్లతీగను, తరువాత ఎర్రతీగను విప్పాలి. గోరువెచ్చని నీటిలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరిన తరువాత మొదట ఎర్రతీగను, చివరకు నల్లతీగను బిగించి, పైన వాసెలిన్ రాయాలి. సోడానీరు బ్యాటరీ లోపలికి పోకూడదు.

### జంపర్ కేబుళ్ళతో స్టార్టు చేయడం

బ్యాటరీనుండి మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. దాని దగ్గర నిప్పురవ్వ రాకుండా ఈ క్రమాన్ని పాటించాలి.

- రెండు కార్లు ఒకదానికొకటి తగలకుండా నిలిపి, ఇంజన్లు ఆపాలి.
- ఎర్ర కేబుల్ ఒక కొసను డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండవ కొసను మంచి బ్యాటరీ ప్లస్‌కు తగిలించాలి.
- నల్ల కేబుల్ ఒక కొసను మంచి బ్యాటరీ మైనస్‌కు, రెండవ కొసను ఆగిన కారు ఇంజన్‌పై రంగులేని లోహభాగానికి, బ్యాటరీకి దూరంగా తగిలించాలి.
- మంచి కారును స్టార్టు చేసి కొద్ది నిమిషాలు ఉంచి, తరువాత ఆగిన కారును స్టార్టు చేయాలి.
- కేబుళ్ళను తగిలించిన క్రమానికి తిరుగు క్రమంలో తీయాలి.

ప్లస్, మైనస్ తారుమారైతే కారు కంప్యూటరు పాడు కాగలదు. ఉబ్బిన, పగిలిన బ్యాటరీపై ఈ పని చేయకూడదు. గేరు కారును తోసి రెండవ గేరులో అందించడం పాత పద్ధతి. బ్యాటరీ పూర్తిగా చచ్చిన ఇంజెక్షన్ కారులో ఇది పనిచేయదు, ఆటోమేటిక్ కారులో అసలు చేయరాదు. ఇంజన్ నడవనంతవరకు స్టీరింగు, బ్రేకు బిగువుగా ఉంటాయని తోసేవారు, స్టీరింగు పట్టినవారు గుర్తుంచుకోవాలి.

### ఇంధన లోపాలు

తాళం ఆన్ చేయగానే వెనుక సీటు దగ్గర రెండు సెకన్లపాటు సన్నని శబ్దం వస్తే పెట్రోలు పంపు పనిచేస్తున్నట్లు భావించవచ్చును. రాకపోతే ముందుగా పంపు ఫ్యూజును, రిలేను చూడాలి. డీజిల్ కారులో ఫిల్టరులో నీరు చేరితే మీటరులో హెచ్చరిక దీపం వెలుగుతుంది. ఆ నీటిని వెంటనే తీయించాలి. డీజిల్ కారులో పొరపాటున పెట్రోలు పోస్తే ఇంజన్ స్టార్టు చేయకుండా, తాళం కూడా ఆన్ చేయకుండా బంకులోనే ఆపి ట్యాంకు ఖాళీ చేయించాలి. స్టార్టు చేస్తే పంపు, ఇంజెక్టర్లు పాడై ఖర్చు అనేక రెట్లు పెరుగుతుంది.

## ఇంజన్ వేడెక్కడం

ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు పోయినా, ఎర్ర దీపం వెలిగినా వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపాలి. ఆపే చోటు దొరికేవరకు ఏసీ కట్టివేసి, హీటరును పూర్తి వేడిలో పెడితే ఇంజన్ వేడి కొంత లోపలికి లాగబడుతుంది. ఊపిరాడనంత ఉక్కపోసినా ఇది పనికివచ్చే ఉపాయం.

వేడిగా ఉన్న రేడియేటరు మూతను ఎట్టి పరిస్థితిలోను తెరవకూడదు. మూత బిగువుగా ఉండటం వలన లోపల ఒత్తిడి పెరిగి, నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తెరిచిన క్షణంలో ఒత్తిడి పోయి నీరంతా ఒక్కసారిగా ఆవిరిగా ఎగజిమ్ముతుంది. ముఖం, చేతులు తీవ్రంగా కాలే ప్రమాదం ఉన్నది. కనీసం అరగంటకు పైగా చల్లారనిచ్చి, పై గొట్టం చేతికి చల్లగా తగిలిన తరువాతనే గుడ్డ కప్పి మెల్లగా తెరవాలి. వేడి ఇంజన్‌లో చన్నీళ్ళు పోస్తే లోహం పగలవచ్చును.

చల్లారిన తరువాత చూడవలసినవి:

- కూలెంట్ మట్టం తగ్గిందా? గొట్టాలు చిట్లాయా?
- ఏసీ వేసినపుడు రేడియేటరు ఫ్యాను తిరుగుతున్నదా? తిరగకపోతే ఫ్యూజు, రిలే చూడాలి. ఫ్యాను హఠాత్తుగా తిరగగలదు కనుక చేతులు దూరంగా ఉంచాలి.
- రేడియేటరు రెక్కలలో ఆకులు, పురుగులు, మట్టి అడ్డుపడ్డాయా?
- ఆయిలు మూత కింద మీగడ వంటి పదార్థం ఉన్నదా? కూలెంట్ తరచుగా తగ్గుతూ, సైలెన్సరునుండి తెల్లపొగ కూడా వస్తుంటే హెడ్ గాస్కెట్ పోయినట్లు అనుమానించి కారును నడపకుండా షెడ్డుకు చేర్చాలి.

అత్యవసరంలో మంచినీరు పోయవచ్చును. కానీ బోరునీటిలోని లవణాలు రేడియేటరులో గారగా పేరుకుంటాయి. కనుక తరువాత డిస్టిల్డ్ వాటర్ కలిపిన సరైన కూలెంట్ నింపించాలి.

## కారు కింద మరకలు

రాత్రి కారు కింద పాత వార్తాపత్రిక గాని, అట్టముక్క గాని పరచి ఉంచితే ఏది ఎక్కడ కారుతున్నదో ఉదయానికి తెలుస్తుంది.

- రంగు, వాసన లేని నీరు: ఏసీ నుండి వచ్చినది. తేమ అధికంగా ఉండే కోస్తాలో ఇది ఎక్కువగా కారుతుంది. లోపం కాదు. ఏసీ వేసినా నీరు బయటకు రాక కారు లోపలి కార్పెట్ తడిస్తే గొట్టం మూసుకుపోయినట్లు.
- ఆకుపచ్చ, గులాబీ లేదా నీలం, తియ్యని వాసన: కూలెంట్. ఇది విషపదార్థం. పిల్లలకు, కుక్కలకు అందకుండా కడిగివేయాలి.
- గోధుమ లేదా నలుపు: ఇంజన్ ఆయిలు.
- ఎరుపు: చాలా కార్లలో ఆటోమేటిక్ గేరు ఆయిలు లేదా పవర్ స్టీరింగు ఆయిలు.
- లేత పసుపు, జారుడుగా, చక్రం దగ్గర: బ్రేకు ఆయిలు. కారును కదపకూడదు.

ఇంజన్ ఆయిలు మట్టాన్ని సమతలంలో, ఇంజన్ ఆపిన కొద్ది నిమిషాల తరువాత గేజి తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి చూడాలి. రెండు గుర్తుల మధ్య ఉండాలి. పై గుర్తు దాటి పోయడం కూడా హానికరమే. నడుస్తుండగా ఎర్రని ఆయిలు దీపం వెలిగితే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయక ఇంజన్ ఆపాలి.

## పొగ, వాసన, శబ్దం

పొగ రంగు ఇంజన్ లోపలి పరిస్థితిని తెలుపుతుంది. నల్లపొగ వస్తే ఇంధనం ఎక్కువగా గాని, గాలి తక్కువగా గాని అందుతున్నది. ముందుగా ఎయిర్ ఫిల్టరు తీసి చూడాలి. నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిలు మండుతున్నది. పెట్రోలు కారులో ఇంజన్ వేడెక్కిన తరువాత కూడా దట్టంగా తెల్లపొగ వస్తుంటే కూలెంట్ లోపలికి చేరుతున్నది. చలికాలపు ఉదయం కొద్దిసేపు కనిపించే ఆవిరి సహజమే.

- ఉదయం స్టార్టు చేయగానే కీచుమనే శబ్దం: బెల్టు వదులు కావడం లేదా తడవడం.
- స్టీరింగు పూర్తిగా తిప్పినపుడు టకటక: ముందు చక్రాల యాక్సిల్ జాయింటు అరుగుదల.
- ఇంజన్ వేగం పెరిగినా కారు వేగం పెరగక మాడిన వాసన: క్లచ్ ప్లేటు అరుగుదల.
- కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన: బ్యాటరీ అతిగా ఛార్జి కావడం లేదా కెటలిటిక్ కన్వర్టరు లోపం.
- పెట్రోలు లేదా గ్యాసు వాసన: వెంటనే ఇంజన్ ఆపి అందరూ దిగాలి. అగ్గిపుల్ల, సిగరెట్టు, విద్యుత్తు స్విచ్చులు తాకరాదు.

## హెచ్చరిక దీపాలు, లోప సంకేతాలు

మీటరులో ఎర్ర దీపం అంటే ఆగాలి. పసుపు దీపం అంటే త్వరలో చూపించుకోవాలి అని స్థూలంగా చెప్పవచ్చును. ఇంజన్ ఆకారంలోని పసుపు దీపం నిలకడగా వెలిగితే జాగ్రత్తగా ఇంటికి చేరవచ్చును. అదే మిణుకుతూ ఉంటే సిలిండరులో మంట సరిగా అందుకోవడం లేదు. అలాగే నడిపితే మండని పెట్రోలు సైలెన్సరులోని కెటలిటిక్ కన్వర్టరును కాల్చివేస్తుంది.

స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్టుకు చిన్న బ్లూటూత్ పరికరం తగిలిస్తే సెల్ ఫోన్‌లో లోప సంకేతాలు చదవవచ్చును. భారతదేశంలో ఈ స్వయం నిర్ధారణ విధానం 2010 నుండి దశలవారీగా తప్పనిసరి అయింది. తరచుగా కనిపించే సంకేతాలు:

- పి 0300: సిలిండర్లు అస్తవ్యస్తంగా అందుకోవడం. పి 0301 అయితే మొదటి సిలిండరు.
- పి 0171: మిశ్రమంలో గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ.
- పి 0420: కెటలిటిక్ కన్వర్టరు సామర్థ్యం తగ్గడం.

సంకేతం చూపేది లోపం ఉన్న ప్రాంతాన్నే గాని, మార్చవలసిన భాగాన్ని కాదు. ఉదాహరణకు పి 0171 వస్తే సెన్సారు మార్చే ముందు గాలి గొట్టం చిట్లిందేమో చూడాలి. సంకేతాన్ని చెరిపివేస్తే దీపం ఆరుతుంది, లోపం పోదు. చెరిపే ముందు సంఖ్యను రాసిపెట్టుకోవాలి.

## ఫ్యూజులు, తీగలు

హారను, వైపరు, కిటికీ అద్దం వంటిది ఒక్కటే పనిచేయకపోతే ఫ్యూజుతో మొదలుపెట్టాలి. బ్లేడు ఫ్యూజులలో 10 ఆంపియర్లకు ఎరుపు, 15కు నీలం, 20కి పసుపు, 30కి ఆకుపచ్చ రంగు వాడతారు. కాలిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియరు ఫ్యూజు వేయాలి. తీగముక్క గాని, ఎక్కువ ఆంపియరు ఫ్యూజు గాని వేస్తే ఫ్యూజుకు బదులు తీగలు కాలి కారు అంటుకోగలదు. కొత్త ఫ్యూజు కూడా వెంటనే కాలిపోతే ఎక్కడో షార్టు ఉన్నదని అర్థం.

కొన్నాళ్ళు కదలని కారులో ఎలుకలు చేరి తీగలు కొరుకుతాయి. ధాన్యం నిల్వ, పశువుల పాక దగ్గర నిలిపే కార్లలో ఇది మరీ ఎక్కువ. బానెట్ కింద గడ్డి, గుడ్డపీలికలు, పెంటికలు కనిపిస్తే స్టార్టు చేయకముందే తీగలను పరిశీలించాలి. కారులో తినుబండారాలు వదలకపోవడం, నాలుగైదు రోజులకొకసారి బానెట్ తెరిచి చూడటం మంచి నివారణ.

## టైర్లు

ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరుపై ఉంటుంది. టైరుపై ముద్రించినది గరిష్ఠ పరిమితి మాత్రమే. కారు నడవక ముందు, టైరు చల్లగా ఉన్నపుడు కొలవాలి. టైరు మధ్యభాగం మాత్రమే అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులు అరిగితే గాలి తక్కువ, ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్ లోపం. గాడి లోతు 1.6 మి.మీ. కంటె తగ్గిన టైరును మార్చాలి.

స్టెప్నీ మార్చే క్రమం:

- గట్టి సమతలంలో, వాహనాల రాకపోకలకు దూరంగా ఆపి హ్యాండ్ బ్రేకు వేయాలి. ప్రయాణికులను దింపాలి. ఎదుటి చక్రానికి రాయి అడ్డం పెట్టాలి.
- జాకీ ఎత్తకముందే నట్లను కొద్దిగా వదులు చేయాలి.
- పుస్తకంలో చూపిన చోటనే జాకీ ఆనించాలి. మెత్తని నేల అయితే కింద చెక్క వేయాలి.
- చక్రం మార్చి నట్లను ఎదురెదురుగా బిగించి, కారు దించిన తరువాత గట్టిగా బిగించాలి. సుమారు 50 కి.మీ. నడిచిన తరువాత మరొకసారి చూడాలి.

జాకీపై మాత్రమే నిలిచిన కారు కిందికి శరీరంలో ఏ భాగమూ పోకూడదు. జాకీ జారి కారు మీదపడి మరణించిన సంఘటనలు ప్రపంచమంతటా ఉన్నాయి.

## బ్రేకులు

బ్రేకులలో ఇంటివద్ద చేయవలసినది పరిశీలన మాత్రమే. కీచుమనే శబ్దం ప్యాడ్లు అరుగుతున్నాయనడానికి తొలి హెచ్చరిక. గరగరమంటే లోహం లోహాన్ని ఒరుస్తున్నది. పెడలు మెత్తగా లోపలికి పోతే గాలి చేరడమో, ఆయిలు కారడమో జరిగింది; అటువంటి కారును నడపకుండా లారీపై ఎక్కించి తీసుకువెళ్ళాలి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు తక్కువ వేడికే మరిగి, దిగుడులో పెడలు పట్టు తప్పుతుంది. కనుక కంపెనీ చెప్పిన గడువుకు, సాధారణంగా రెండేళ్ళకు ఒకసారి, మార్పించాలి.

## ఉత్తరాంధ్రలో ప్రత్యేక పరిస్థితులు

### ఉప్పుగాలి

భీమునిపట్నం, భోగాపురం, కళింగపట్నం, బారువ వంటి తీర ప్రాంతాలలో ఉప్పుతేమ వలన తుప్పు, టెర్మినళ్ళపై పొడి త్వరగా వస్తాయి. కారు అడుగుభాగాన్ని, చక్రాల గూళ్ళను తరచుగా మంచినీటితో కడగాలి. తలుపుల అడుగున ఉండే నీటి రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి.

### వరద నీరు

హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో, గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం సమీపంలో తీరం దాటాయి. ఇటువంటి సమయాలలో కార్లకు జరిగే పెద్ద నష్టం నీట మునగడం వలన మాత్రమే కాదు. మునిగిన కారును ఆత్రంగా స్టార్టు చేయడం వలన కూడా జరుగుతుంది. సిలిండరులో చేరిన నీరు గాలివలె కుదించుకుపోదు. పిస్టను పైకి రాలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. దీనిని హైడ్రోలాక్ అంటారు. ఫిల్టరు, ఆయిలు మార్చి బాగుచేయగల కారు ఆ ఒక్క ప్రయత్నంతో ఇంజన్ విప్పవలసిన స్థితికి వస్తుంది.

- నీరు తగ్గిన తరువాత స్టార్టు చేయకూడదు, తోయించి అందించకూడదు.
- బ్యాటరీ మైనస్ తీగను విప్పాలి.
- నీరు ఎంత ఎత్తుకు చేరిందో ఫోటో తీసి బీమా సంస్థకు తెలపాలి. నీటిలో స్టార్టు చేయడం వలన ఇంజన్‌కు కలిగే నష్టాన్ని సాధారణ బీమా పాలసీలో సాధారణంగా ఇవ్వరు. దానికి ఇంజన్ రక్షణ అనే అదనపు భాగం ఉండాలి.
- ఎయిర్ ఫిల్టరు తడిసినా, ఆయిలు పాలవలె మారినా కారును లాగించి షెడ్డుకు చేర్చాలి.

తుఫాను హెచ్చరిక వచ్చినపుడు కారును ఎత్తైన చోటికి, చెట్లకు, కరెంటు స్తంభాలకు దూరంగా చేర్చడం అన్నిటికంటె చవకైన మరమ్మతు. గెడ్డలు పొంగి రోడ్డుపై పారుతున్నపుడు లోతు తెలియక కారును దింపరాదు.

### ఘాట్ రోడ్లు

విజయనగరం నుండి గజపతినగరం, సాలూరు మీదుగా ఒడిషాలోని కోరాపుట్‌కు పోయే 26వ నెంబరు జాతీయ రహదారి, శృంగవరపుకోట నుండి అనంతగిరి మీదుగా అరకులోయకు పోయే రోడ్డు ఘాట్ మార్గాలు. ఎక్కేటపుడు ఇంజన్ వేడి, దిగేటపుడు బ్రేకు వేడి ప్రధాన సమస్యలు. బయలుదేరేముందు కూలెంట్, ఫ్యాను, బ్రేకు ఆయిలు చూసుకోవాలి. ఏ గేరులో ఎక్కవలసి వస్తుందో ఆ గేరులోనే దిగాలన్నది డ్రైవర్లు పాటించే నియమం. న్యూట్రల్‌లో గాని, ఇంజన్ ఆపి గాని దిగడం ప్రాణాంతకం. బ్రేకులు మాడిన వాసన వస్తే పక్కకు ఆపి చల్లారనివ్వాలి. వాటిపై నీరు పోయకూడదు.

### చిన్న ప్రయాణాలు

భారత్ స్టేజ్ 6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఎగ్జాస్టు బాగా వేడెక్కినపుడే ఆ మసి కాలిపోతుంది. పట్టణంలో రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో ఫిల్టరు నిండి దీపం వెలుగుతుంది. అపుడు 16వ నెంబరు జాతీయ రహదారి వంటి రోడ్డుపై 20 నుండి 30 నిమిషాలు ఒకే వేగంతో నడిపితే చాలావరకు శుభ్రపడుతుంది. అప్పటికీ దీపం ఆరకపోతే సర్వీసు కేంద్రానికి వెళ్ళాలి.

## ఇంటివద్ద చేయకూడనివి

- ఎయిర్‌బ్యాగు, సీటుబెల్టు బిగుతు పరికరాలు విప్పడం.
- ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు తొడుగు గల తీగలను తాకడం. వీటిలో వందల వోల్టుల విద్యుత్తు ఉంటుంది.
- డీజిల్ కామన్ రైల్ గొట్టాలు విప్పడం. అధిక పీడనంతో చిమ్మే డీజిల్ చర్మంలోకి చొచ్చుకుపోగలదు.
- ఏసీ గ్యాసు నింపడం, సి.ఎన్.జి. లేదా ఎల్.పి.జి. అమరికను మార్చడం.
- మూసిన గ్యారేజిలో ఇంజన్ నడపడం. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

జాతీయ రహదారిపై కారు ఆగిపోతే 1033 నెంబరుకు, ప్రమాదం జరిగితే 112 లేదా 108 నెంబరుకు ఫోను చేయవచ్చును. ఆంధ్ర ప్రదేశ్‌లో 108 అంబులెన్సు సేవ 2005లో మొదలైంది.

## చట్టం, వ్యర్థాలు

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం కారు మూలరూపాన్ని అనుమతి లేకుండా మార్చరాదు. అరిగిన భాగాలను అదే రకం భాగాలతో మార్చడం దీని కిందికి రాదు. వారంటీలో ఉన్న కారులో తీగలు కత్తిరించి కొత్త పరికరాలు బిగిస్తే ఆ మేరకు వారంటీ పోవచ్చును.

తీసిన ఆయిలును కాలువలో, బావి దగ్గర, నేలపై పోయరాదు. డబ్బాలో పట్టి, వాడిన ఆయిలు సేకరించే షెడ్డుకు ఇవ్వాలి. పాత బ్యాటరీలో సీసం, ఆమ్లం ఉంటాయి. కొత్తది కొనేటపుడు పాతదానిని దుకాణంలో ఇస్తే ధర కొంత తగ్గించడం వాడుకలో ఉన్నది.

## ఇవి కూడా చూడండి

- మోటారు కారు
- బ్యాటరీ
- డీజిల్ ఇంజన్
- హుద్‌హుద్ తుఫాను
- విజయనగరం జిల్లా